లవంగం గుచ్చిన ట్రే

ఇల్మెనౌలో మాస్టర్స్ చదివే ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, జర్మనీలో ఎంత పెద్ద సమస్య వచ్చినా దానికి ఎక్కడో ఒక టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరుకుతుందని. రెండోది, నాకు వంట వచ్చని. మొదటిది నిజమేనని ఇప్పటికీ మ్యూనిక్‌లో నెలకోసారి రుజువవుతూనే ఉంది. రెండోది మాత్రం ఒక శనివారం మధ్యాహ్నం, మా హాస్టల్ వంటింట్లో, టప్‌మని ఒక్క చప్పుడుతో పోయింది. ఆ చప్పుడు లేకపోతే నేను ఇవాళ ఈ దేశంలో ఉండేవాణ్ణి కాదు. అందుకే ఎవరైనా నన్ను "మీరు జర్మనీలో ఎందుకు సెటిలయ్యారు?" అని అడిగితే, ఫ్యూజు పోవడం వల్ల అని చెబుతాను. జోకనుకుని నవ్వుతారు.

మా హాస్టల్ కొండ మీద. మా అంతస్తులో పొడవాటి వరండా, రెండు వైపులా గదులు, చివర అందరికీ కలిపి ఒకే వంటిల్లు. ఒకే వంటిల్లు ఉంటే మనుషులు కలిసిపోతారని ఆ బిల్డింగు కట్టినవాడు అనుకుని ఉంటాడు పాపం. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని, ఎవరి పాస్తా వాళ్ళు ఉడకబెట్టుకుని, "హలో" అని తలూపి ఎవరి గదిలోకి వాళ్ళు పోయి తలుపేసుకునేవారు. ఎదురుగదిలో ఒక జర్మన్ కుర్రాడు ఉండేవాడు, ఆరడుగుల మీద ఇంకో అరడుగు. మాటలు తక్కువ, చీటీలు ఎక్కువ. ఫ్రిజ్ మీద, ఓవెన్ మీద, చెత్తబుట్ట మీద చక్కటి చేతిరాతతో చీటీలు అంటించేవాడు. "పసుపు మరకలు బల్లకు మంచివి కావు. దయచేసి ఆలోచించండి." ఆ అంతస్తులో పసుపు వాడేది నేనూ, నా పక్కగది స్నేహితుడూ ఇద్దరమే కాబట్టి ఆలోచించవలసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మేము అతనికి చీటీ దొర అని పేరు పెట్టుకున్నాం.

నల్లగొండలో మా ఇంట్లో తలుపు వేసేది రాత్రి పడుకునేటప్పుడే. అలాంటి ఇంట్లో పెరిగి ఆ వరండాలోకి వచ్చిపడ్డాక, నాకు లోపల ఒక గుబులు పట్టుకుంది. పగలు లాబ్‌లో బాగానే ఉండేది. సాయంత్రం అన్నం ముందు కూర్చుంటే మాత్రం ఒక ముద్ద తిని ప్లేటు పక్కకి జరిపేవాణ్ణి. ఆ సెమిస్టర్‌తో సరి, సామాను సర్దుకుని వెళ్ళిపోదామని దాదాపు నిశ్చయించుకున్నాను. దాదాపు అని ఎందుకంటున్నానంటే, అప్పుడే రంజాన్ పండుగ వస్తోంది. ఈ పండుగ పండుగలా జరిగితే ఉంటాను, జరక్కపోతే పోతాను అని నాకు నేనే పందెం వేసుకున్నాను. (ఇరవై మూడేళ్ళవాడి నిర్ణయాలు అలాగే ఉంటాయి. చదివింది మాత్రం కంట్రోల్ సిస్టమ్స్.)

పండుగ వారం మధ్యలో వచ్చింది. ఆ రోజే నాకు లాబ్ పరీక్ష. అమ్మీకి ఫోన్‌లో, విందు శనివారానికి పెట్టుకున్నానని చెప్పాను.

"పండుగకు గూడ టెర్మిన్ పెట్టుకుంటర్రా మీరు?" అంది అమ్మీ. ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది. "సరే తియ్. ఎవరికి పెడుతున్నవ్ బేటా?"

"మా ఫ్లోరు అందరికీ అమ్మీ. ఓ ముప్పై మంది వస్తరు."

"అట్లనా! వీడియో ఫోన్ చెయ్యి. అందరు తినంగ నేను జూడాలె. ఇంట్ల నలుగురు తినకుంటే అది పండుగెట్లయితది?"

ముప్పై మందన్నది నోటికొచ్చిన లెక్క. అప్పటికి నేను పిలిచింది గోదారిని ఒక్కణ్ణే. ఆ పక్కగది స్నేహితుడే, భీమవరం దగ్గరివాడు. పేరు వేరే ఉంది కానీ మాకందరికీ గోదారే. మర్యాద ఎంతంటే, బట్టలుతికే మెషీన్ ఆగిపోతే దాన్ని కూడా "ఏమైందండీ?" అని అడిగేవాడు. ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి తలుపు తలుపూ తట్టి అందర్నీ పిలిచాం, మా క్లాసులో మనవాళ్ళకీ ఫోన్ చేశాం. చీటీ దొర తలుపు తీసి, మొత్తం విని, "ఎన్ని గంటలకు? ఎన్ని గంటల వరకు?" అని అడిగాడు. ఐదింటికి అని చెప్పాను నేను. అయిపోయేవరకు అన్నాడు గోదారి. చీటీ దొర చాలాసేపు ఆలోచించి తలుపేసుకున్నాడు.

ఇక ఏం వండాలి? బిర్యానీ అని మీరంటారు. మా వైపు నుంచి వచ్చినవాడు నలుగురి ముందు బిర్యానీ వండడమంటే పరువును పొయ్యి మీద పెట్టడమే. బాగా కుదిరితే "మా ఇంట్లో ఇంకా బాగుంటుంది" అంటారు, కుదరకపోతే పెళ్ళి చూపుల దాకా చెప్పుకుంటారు. అందుకని ఎవరి ఇంట్లోనూ లేని వంటకం కోసం వెతికాను. ఇంటర్నెట్‌లో ఒక అమెరికా ఆవిడ నవ్వుతూ స్లైడర్లు చేస్తోంది. ఒకదానికొకటి అంటుకుని ఉన్న చిన్న చిన్న బన్నులు తీసుకుని, విడదీయకుండా మొత్తం పలకను అడ్డంగా కోసి, కింద సగం మీద వేయించిన బీఫ్ ఖీమా, దాని మీద చీజు, పైన మిగతా సగం మూతలా పెట్టి, వెన్న పూసి ఓవెన్‌లో తోస్తే ఇరవై నిమిషాల్లో ముప్పై మందికి విందు. చూడగానే నాకు మా వైపు పెళ్ళిళ్ళలో పెట్టే లుఖ్మీ గుర్తొచ్చింది. అందులోనూ ఇదే ఖీమా, ఇదే పిండి. అమ్మీ చూసినా గుర్తుపడుతుందని సంతోషపడ్డాను.

మొదటి ప్రయోగం బ్రోట్‌హెన్‌తో, అంటే పైన గట్టి పెచ్చుండే జర్మన్ బన్నులతో చేశాం. అవి కాల్చాక గోదారి ఒకటి కొరికి, నమలలేక నమిలాడు. తర్వాత దవడ పట్టుకుని, "రుచి బాగుందండీ, లోపలికి వెళ్ళడానికే దారి లేదు" అన్నాడు. మెత్తటి పాల బన్నుల కోసం ఊళ్ళో ఉన్న సూపర్ మార్కెట్లన్నీ తిరిగాం. హలాల్ ఖీమా కోసం ఎర్ఫర్ట్ దాకా రైలెక్కి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

శనివారం పొద్దుటే మొదలుపెట్టాం. ఉల్లి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ధనియాల పొడి, చివర్లో పుదీనా వేసి ఖీమా వేయించాను. వంటిల్లంతా నల్లగొండ వాసన వచ్చింది. గోదారి పెద్దకూర తినడు, మా క్లాసులో మనవాళ్ళు చాలామంది తినరు. వాళ్ళకోసం గోదారి వేరే గిన్నె, వేరే గరిటె పెట్టుకుని బంగాళదుంప, క్యాప్సికం కూర చేశాడు. రెండు ట్రేలు పక్కపక్కన పెట్టి, వెన్న పూసి, నువ్వులు చల్లి వెనక్కి జరిగి చూశాం.

"భాయ్ గారూ," అన్నాడు గోదారి కంగారుగా, "పైకి రెండూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయండీ. ఏది ఏదో ఎలాగండీ తెలిసేది?"

నేను ఏమాత్రం ఆలోచించకుండా డబ్బాలోంచి ఒక లవంగం తీసి, ఖీమా ట్రేలో మూల బన్ను మీద గుచ్చాను. నా చెయ్యి దానంతటదే ఆ పని చేసింది. ఎందుకు చేసిందో కాసేపట్లో చెబుతాను. ముందు ఫ్యూజు సంగతి.

ఓవెన్ వేడెక్కుతోంది. ఒక పొయ్యి మీద నేను చాయ్ పెట్టాను. గోదారి రైస్ కుక్కర్ పెట్టాడు. (ఎవరైనా ఇవి తినలేకపోతే పాపం అన్నమైనా ఉండాలని. ముప్పై మందికి ఇది సరిపోతుందా అన్న భయం మన రక్తంలోనే ఉంటుంది.) అదీ చాలక కెటిల్ కూడా వేశాడు. టప్! దీపం ఆరింది, ఓవెన్ ఆరింది. ఎన్నిసార్లు మీట ఎత్తినా దీపాలు వచ్చాయి గానీ ఓవెన్ రాలేదు. బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్‌కి ఫోన్ చేస్తే, సోమవారం వస్తానని రికార్డు చేసిన గొంతు చెప్పింది.

నేను స్టూలు మీద కూలబడ్డాను. అమ్మీ వీడియోలో చూడబోయేది పచ్చి బన్నులనీ, ఆరిపోయిన ఓవెన్‌నీ, దాని మీద చీటీ దొర అంటించిన చీటీనీ. పందెం ఓడిపోయానని లోపల ఎవరో చెబుతున్నారు. నిజం చెప్పాలంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు కోసి అప్పటికి చాలాసేపయింది కాబట్టి వాటి మీదికి నెట్టడానికి కూడా లేదు.

"పిజ్జాలు తెప్పిద్దామాండీ?" అన్నాడు గోదారి మెల్లగా.

అప్పుడు నాకు తట్టింది. ఓవెన్ లేకపోతే ఏమైంది? మా ఇంట్లో ఓవెన్ ఎప్పుడుంది గనక! రంజాన్ వస్తోందంటే అమ్మీ మైదా, చక్కెర, నెయ్యి డబ్బాల్లో పోసి నా నెత్తిన పెట్టేది. గడియారం చౌరస్తా వెనక సందులో బేకరీ. అక్కడ మన సామానుతోనే పిండి కలిపించి, బిస్కట్లు కొట్టించి, వాళ్ళ భట్టీలో కాల్పించుకుని తెచ్చుకోవడం. వాడకట్టు మొత్తం అక్కడే లైను కట్టేది. ట్రేలు మారిపోతాయని అందరికీ భయం. పక్కింటివాళ్ళు నెయ్యికి బదులు డాల్డా పోస్తారని అమ్మీకి గట్టి అనుమానం. అందుకని మా ట్రేలో మూల బిస్కట్టుకి లవంగం గుచ్చి, "కన్ను తియ్యకు బేటా" అని నన్ను భట్టీ ముందు కాపలా కూర్చోబెట్టేది. ఆ వేడికి మొహం ఎర్రబడి, ఆ వాసనకి ఉపవాసం ఊగిసలాడుతూ, గంటలు గంటలు కూర్చునేవాణ్ణి.

"లెవ్వు," అన్నాను గోదారితో. "బేకరీకి పోదాం."

"కొనడానికాండీ?"

"కాదు, కాల్పించనీకి."

గోదారి నా మొహంలోకి చూసి, వేడి తలకెక్కిందేమోనని అనుమానపడ్డాడు. అయినా ట్రే ఎత్తుకున్నాడు. అందుకే వాడంటే నాకు ప్రాణం.

ట్రేల మీద కొత్త తువ్వాళ్ళు కప్పి, పెళ్ళి సారె మోస్తున్నట్టు ఇద్దరం కొండ దిగాం. కింద రోడ్డు మలుపులో చిన్న బేకరీ ఉండేది. తల్లీ కొడుకుల దుకాణం. శనివారం మధ్యాహ్నం దాటితే మూసేస్తారు. మేము వెళ్ళేసరికి ముసలావిడ తలుపు మీది బోర్డు తిప్పుతోంది. అద్దంలోంచి మమ్మల్ని చూసి, మూసేశామని వేలితో బోర్డు చూపించింది. నేను తువ్వాలు ఎత్తి ట్రే చూపించాను. ఆవిడ తలుపు కొంచెం తీసి, "మేము బయటివాళ్ళ దగ్గర కొనం" అంది.

"అమ్మడానికి కాదు. ఇవి మీ ఓవెన్‌లో కాల్చిపెట్టండి," అన్నాను, నా జర్మన్‌లో ఉన్న మర్యాదంతా కుమ్మరించి.

ఆవిడకి అర్థం కాలేదు. కొడుకుని పిలిచింది. పిండి అంటిన చేతులతో వచ్చాడాయన. విషయం విని, నిబంధనలు ఒప్పుకోవని, బయటి సరుకు లోపలికి రాకూడదని, సారీ అని ఒక్కొక్కటే ఓపికగా చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. నాకు వచ్చిన జర్మన్ అంతా పరీక్షల జర్మన్. ఏడుపొచ్చినప్పుడు మాట్లాడే జర్మన్ ఏ క్లాసులోనూ చెప్పలేదు.

"మా ఊళ్ళో..." అన్నాను. "మా ఊళ్ళో పండుగకి అమ్మలు ట్రేలు బేకరీకి పంపిస్తారు. బేకరీవాళ్ళు కాల్చిస్తారు. ఇవాళ నా పండుగ. మా ఓవెన్ చచ్చిపోయింది." అంతకు మించి రాలేదు.

కొడుకు తల గోక్కున్నాడు. ముసలావిడ మాత్రం ట్రే మీదికి వంగి, వెన్న పూసిన బన్నుల్ని పరీక్షగా చూస్తోంది. చూస్తూ చూస్తూ, ఏదో పడిందనుకుని నాలుక చప్పరించి, మూల బన్ను మీది లవంగాన్ని పుటుక్కున పీకేసింది.

"అయ్యయ్యో!" అని నేనూ, "దేవుడోయ్!" అని గోదారీ ఒకేసారి అరిచాం. ఆ అరుపుకి ఆవిడ బెదిరి లవంగాన్ని కింద పడేసింది. మేమిద్దరం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని లవంగం కోసం వెతుకుతున్నాం.

"ఏమిటది? ఎందుకది?" అంది ఆవిడ.

"గుర్తు," అన్నాను కిందనుంచే. "ఇందులో మాంసం, అందులో బంగాళదుంప. మారిపోతే మావాళ్ళు తినలేరు. మా అమ్మ ఇలాగే పెడుతుంది, వేరేవాళ్ళ ట్రేతో మారిపోకుండా."

ఆవిడ రెండు ట్రేలనీ మళ్ళీ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. ఇక అంతే అనుకుని లేచి నిలబడ్డాం. ఆవిడ తిరిగొచ్చింది, చేతిలో తుప్పు పట్టిన పాత బిస్కట్ డబ్బా. మూత తీస్తే దాన్నిండా చిన్న చిన్న రేకు బిళ్ళలు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె.

"నా చిన్నప్పుడు ఈ వీధిలో ఎవరింట్లోనూ పెద్ద ఓవెన్ లేదు," అంది. "శనివారం వస్తే ఆడవాళ్ళంతా కేకు ట్రేలు పట్టుకుని ఇక్కడికే వచ్చేవాళ్ళు. మా నాన్న ఒక్కో ట్రేకి ఒక బిళ్ళ గుచ్చేవాడు. అయినా మారిపోయేవి. మారిపోతే వారం రోజులు మాటలుండేవి కావు." ఆవిడ నవ్వింది. ఆ నవ్వుతో పాటే కళ్ళు తుడుచుకుంది. "ఎన్నేళ్ళయిందో, ఈ గుమ్మంలోకి ఎవరైనా ట్రే పట్టుకుని వచ్చి."

కొడుకు మళ్ళీ నిబంధనలు అనబోయాడు. "దుకాణం మూసేశాం. ఇప్పుడు ఇది నా వంటిల్లు," అంది ఆవిడ. ఆయన నోరు మూసుకుని భట్టీ తలుపు తీశాడు. (తల్లి అలా అన్నాక నోరు తెరిచే కొడుకు నల్లగొండలోనూ లేడు.)

పొద్దుటి రొట్టెల వేడి ఇంకా అందులో ఉంది. ఖీమా ట్రేకి ఒక బిళ్ళ, బంగాళదుంప ట్రేకి ఒక బిళ్ళ. ఆవిడ లోపల రెండు స్టూళ్ళు వేసి కూర్చోమంది. నేను మాత్రం భట్టీ ముందే నిలబడ్డాను. చీజు కరిగే వాసన, వెన్న వాసన, మొహానికి కొట్టే ఆ పొడి వేడి. పదేళ్ళ వయసులో వదిలేసిన చోటు మళ్ళీ దొరికినట్టనిపించింది. గోదారి నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

వెళ్ళేటప్పుడు డబ్బులివ్వబోతే ఆవిడ తీసుకోలేదు. మీరు కూడా రావాలన్నాను. "వద్దు, థాంక్స్" అంది. ఈ దేశంలో వద్దంటే వద్దనే అర్థమని అప్పటికే తెలుసు. అయినా మన పద్ధతి మనది కదా, మూడోసారి కూడా అడిగాను. మూడోసారికి ఆవిడ, "ఎన్ని గంటలకు?" అంది.

ఐదు కొట్టేసరికి వంటింటి తలుపు దగ్గర చీటీ దొర. చేతిలో సొంత ప్లేటు, సొంత ఫోర్కు, సొంత గ్లాసు. వెనకాల మా అంతస్తు జర్మన్లందరూ, పది నిమిషాల్లో ఒక్కరు తక్కువ కాకుండా. మన క్లాసువాళ్ళు ఆరున్నరకి దిగారు, "ఇంకా మొదలెట్టలేదా?" అంటూ. అప్పటికి ఖీమా ట్రేలో సగం ఖాళీ. చీటీ దొర ఒకటి తిన్నాడు. ఇంకోటి పెట్టబోతే "నైన్, డాంకే" (వద్దు, థాంక్స్) అన్నాడు. నేను వినిపించుకోకుండా ప్లేట్లో వేశాను. అతను దానివైపు, నావైపు మార్చి మార్చి చూసి, ఇందులో తన హక్కులేమిటో ఆలోచించి, తినేశాడు. నాలుగోదానికి "నైన్" అనడం మానేసి ప్లేటు ముందుకు జరిపాడు.

బేకరీ ఓమా (అమ్మమ్మల్ని ఇక్కడ అలాగే పిలుస్తారు) తన వంతుగా ఒక కేకు తెచ్చింది, రేకు ట్రేలో. దాని మూల ఒక లవంగం గుచ్చి ఉంది.

అమ్మీకి వీడియో కలిపాను. ఫోను చేతులు మారుతూ వంటిల్లంతా తిరిగింది. "మస్తుమంది ఉన్నర్రా!" అని అమ్మీ సంబరం. ఓమా చేతికి ఫోను వచ్చేసరికి, "ఆ పెద్దమ్మను నిలబెట్టినవేంది, కుర్చీ వెయ్యి!" అని నన్ను కసిరింది. కుర్చీ వేశాను. ఇక ఈవిడ జర్మన్‌లో, ఆవిడ తెలుగులో, ఎవరి మాట వాళ్ళు చెప్పుకుంటూ, మధ్యలో ఇద్దరూ లవంగం చూపించుకుని నవ్వుకుంటూ అలా ఎంతసేపున్నారో. తర్జుమా చేద్దామని దగ్గరికి వెళితే ఇద్దరూ నన్ను పొమ్మన్నారు.

సోమవారం ఓవెన్ బాగుచేశారు. దాని మీద కొత్త చీటీ. "ఓవెన్ పనిచేస్తోంది. తర్వాతి పండుగ ఎప్పుడు?" ఆ చీటీ చదివి గదిలోకి పోయి, మంచం కిందనుంచి సగం సర్దిన సూట్‌కేసు లాగి, బట్టలు తీసి మళ్ళీ అలమరాలో పెట్టేశాను.

ఇప్పుడు మ్యూనిక్‌లో మా ఫ్లాటులో గోడలో అమర్చిన ఓవెన్ ఉంది. మనం ఏం పెట్టామో అదే కనిపెట్టి, అదే కాల్చి, అయిపోగానే పాట పాడుతుంది. గోదారి ఆకెన్‌లో ఉన్నాడు. ఏడాదికోసారి కలుస్తాం, టెర్మిన్ పెట్టుకుని. ఓమా పోయిందని ఆమె కొడుకు చెప్పాడు. నేను ఇల్మెనౌ వెళ్ళేసరికి ఆ దుకాణంలో ఫోన్లు బాగుచేస్తున్నారు. భట్టీ ఉన్న చోట అద్దాల బీరువా ఉంది. కొనేదేమీ లేకపోయినా లోపలికి వెళ్ళి, ఫోనుకి ఒక తొడుగు కొనుక్కుని బయటికొచ్చాను.

మొన్న పండుగకి మా అమ్మాయి వెళ్ళే కీటా (చిన్నపిల్లల బడి) పిల్లల్నీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ పిలిచి మళ్ళీ స్లైడర్లు చేశాను. ఒకటే ట్రే. వెన్న పూసి, నువ్వులు చల్లి, అలవాటుగా మూల బన్నుకి లవంగం గుచ్చాను. మా అమ్మాయి స్టూలెక్కి చూస్తూ జర్మన్‌లో అడిగింది, "అదెందుకు నాన్నా?"

"వేరేవాళ్ళ ట్రేతో మారిపోకుండా బేటా."

అది ఓవెన్ అద్దంలోకి తొంగి చూసింది. లోపల దీపం, ఒక్క ట్రే. వెనక్కి తిరిగి, "వేరేవాళ్ళు ఎవరూ లేరు కదా," అంది.

నిజమే, ఎవరూ లేరు. నాకు నవ్వొచ్చింది. స్టూలు లాక్కుని ఓవెన్ ముందు కూర్చుని, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. "అయినా కన్ను తియ్యకు," అన్నాను.